కరెంటు తీగకి కళ్ళుండవు: ఆస్తి కోసం ప్రాణం తీయొచ్చా?

ఈ ఎపిసోడ్ స్టూడియోలో కాదు, పాలకాయతిప్పలో చేస్తున్నా. వెనకాల గాలి హోరు వినిపిస్తే కాస్త సర్దుకోండి. అటు సముద్రం, ఇటు రొయ్యల చెరువులు. ఏరియేటర్ల చప్పుడు కూడా మధ్యమధ్యలో వస్తుంది.

ఈ టాపిక్ ఎందుకు ఎత్తుకున్నానో ముందు చెప్తా. ఈమధ్య ఫోన్‌లో ఒక రీల్ బాగా తిరుగుతోంది. మీరూ చూసే ఉంటారు. "మీ ఇంట్లోకి, మీ పొలంలోకి దొంగ వస్తే చంపేయొచ్చు, చట్టం మీ వైపే ఉంది" అని ముప్పై సెకన్లలో తేల్చేస్తారు. కింద సెక్షన్ నంబర్ కూడా వేస్తారు. నంబర్ కరెక్టే. చెప్పింది మాత్రం సగమే. ఆ మిగిలిన సగం తెలియకే మన దగ్గర మనుషులు చనిపోతున్నారు, ఇంకొందరు జైలుకెళ్తున్నారు.

నా సొంత కథ ఒకటి ఉంది. అక్కడి నుంచే మొదలుపెడతా.

మా చెరువు గట్టు మీద

నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా నాన్న, బాబాయ్ కలిసి ఒక చెరువు లీజుకి తీసుకున్నారు. వనామి వేశారు. వనామి గురించి ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. 2009లో మన దేశంలో దాని సాగుకి అనుమతి వచ్చాక డెల్టా చివర్లో చాలామంది వరి వదిలేసి రొయ్యకి మళ్ళారు. లాభం వస్తే లక్షల్లో వస్తుంది, పోతే కూడా అంతే. లీజు డబ్బు అప్పు, సీడ్ అప్పు, మేత అప్పు. పట్టుబడి చేసేదాకా ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు.

సరిగ్గా రొయ్య కౌంట్‌కి వచ్చే టైంలో రెండుసార్లు దొంగతనం జరిగింది. రాత్రిపూట విసురువల వేసి పట్టుకుపోయారు. మూడోసారి జరక్కూడదని బాబాయ్ ఎవరికీ చెప్పకుండా ఒక పని చేశాడు. గట్టు చుట్టూ కర్రలు పాతి, మోకాలెత్తులో బోడి తీగ లాగి, మోటారు స్టార్టర్ దగ్గర నుంచి కరెంటు కలిపాడు. రాత్రి పదింటికి ఆన్, తెల్లారి ఐదింటికి ఆఫ్.

మూడో రోజు ఆఫ్ చేయడం మర్చిపోయాడు. పొద్దున్నే మా కుక్క ఆ తీగకి తగిలి చచ్చిపోయింది. దాని వెనకాలే, నాలుగడుగుల దూరంలో, మేత బస్తా భుజాన వేసుకుని మా దగ్గర పనిచేసే కుర్రాడు వస్తున్నాడు. నా వయసువాడే. కుక్క ముందు నడిచింది కాబట్టి వాడు బతికాడు. అంతే తేడా.

నాన్న ఆ రోజే తీగ మొత్తం పీకి కాల్వలో పడేశాడు. బాబాయ్ మాత్రం చాలా కాలం ఒకే మాట అనేవాడు: "మన చెరువు, మన రొయ్య, మన కరెంటు. దొంగతనానికొచ్చినోడు చస్తే వాడి ఖర్మ. ఇందులో మన తప్పేంట్రా?"

అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఈ ఎపిసోడ్ ఆ ప్రశ్నకి జవాబు. కొత్త ప్రశ్న కూడా కాదిది. దాదాపు రెండొందల ఏళ్ళ కిందట ఇంగ్లాండులో అచ్చం ఇదే వాదన నడిచింది. అక్కడ తేలిన సంగతి సముద్రం దాటి వచ్చి ఇవాళ మన చెరువు గట్టు మీద కూడా వర్తిస్తోంది.

ఒక నెమలి కథ

1800ల మొదట్లో ఇంగ్లాండులో పెద్ద భూస్వాములకి వేట అడవులుండేవి. పేదవాళ్ళు రాత్రిపూట వచ్చి కుందేళ్ళు, పక్షులు పట్టుకుపోయేవాళ్ళు. కాపలా పెట్టడం ఖర్చు. అందుకని ఒక యంత్రం వాడేవాళ్ళు. దాన్ని స్ప్రింగ్ గన్ అంటారు. తుపాకీని నేలకి బిగించి, దాని ట్రిగ్గర్‌కి సన్న తీగలు కట్టి నాలుగు వైపులా లాగుతారు. చీకట్లో ఎవరి కాలు తీగకి తగిలినా తుపాకీ పేలుతుంది. మా బాబాయ్ తీగకి ముత్తాత అన్నమాట.

1820లో ఒక కేసు కోర్టుకొచ్చింది. ఇలాట్ వర్సెస్ విల్క్స్. అడవిలో స్ప్రింగ్ గన్లు ఉన్నాయని తెలిసి కూడా లోపలికి వెళ్ళి గాయపడ్డ ఒకతను నష్టపరిహారం అడిగాడు. కోర్టు ఇవ్వలేదు. తెలిసే వెళ్ళావు కదా, నీదే పూచీ అన్నారు. అంటే అప్పటికి, బోర్డు పెడితే చాలు, తప్పించుకోవచ్చన్నమాట.

1825లో ఇంకోటి జరిగింది. బ్రిస్టల్ దగ్గర ఒకాయనకి టులిప్ పూల తోట ఉంది. ఇంటికి దూరంగా, గోడ కట్టిన తోట. అంతకుముందు అందులోంచి 20 పౌండ్ల విలువైన పూలు, దుంపలు పోయాయి. ఆయన స్ప్రింగ్ గన్ పెట్టాడు. దొంగ దొరకాలని బోర్డు కూడా పెట్టలేదు. ఒకరోజు పక్కింటివాళ్ళ ఆడ నెమలి ఎగిరి ఆ తోటలో పడింది. దాన్ని పట్టుకోడానికి 19 ఏళ్ళ కుర్రాడొకడు గోడ ఎక్కాడు. ముందు యజమానిని గట్టిగా పిలిచాడు కూడా. ఎవరూ పలకలేదు. లోపలికి దూకాడు, తీగకి తగిలాడు, మోకాలు ఛిద్రమైంది.

ఆలోచించండి. దొంగ కోసం పెట్టిన తుపాకీ, పొరుగువాళ్ళకి సాయం చేస్తున్న పిల్లాడిని కొట్టింది. మన దగ్గర నెమలి బదులు దూడ అనుకోండి. తాడు తెంచుకున్న దూడ వెనక పరిగెత్తే పిల్లాడు ఏ గట్టు ఎవరిదో చూసుకుంటాడా?

ఈ కేసు పేరు బర్డ్ వర్సెస్ హోల్‌బ్రూక్. 1828లో తీర్పు కుర్రాడి పక్షాన వచ్చింది. ఈలోపే, 1827లో, బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది. మనిషిని చంపేలా, తీవ్రంగా గాయపరిచేలా స్ప్రింగ్ గన్‌గానీ బోనుగానీ పెట్టడమే నేరం అంది. బోర్డు పెట్టినా నేరమే. ఒక్కదానికే మినహాయింపు ఇచ్చింది: సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా, మనుషులు నివసించే ఇంటి లోపల, ఆ ఇంటి రక్షణ కోసం.

ఆ మినహాయింపుని గుర్తుపెట్టుకోండి. ఇల్లు, రాత్రి. ఈ రెండు మాటలూ మళ్ళీ వస్తాయి.

అక్కడి నుంచి మచిలీపట్నం దాకా

1834లో థామస్ మెకాలే ఇండియాకి వచ్చాడు. లా కమిషన్‌కి పెద్దగా కూర్చుని 1837లో ఒక శిక్షాస్మృతి ముసాయిదా ఇచ్చాడు. అప్పటిదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో, అంటే మన మచిలీపట్నంలో కూడా, కంపెనీ కోర్టులు పాత ఇస్లామిక్ నేరశాస్త్రాన్ని తమ రెగ్యులేషన్లతో మార్చుకుంటూ వాడేవి.

ఇందులో ఒక విచిత్రం ఉంది. మెకాలే బృందం ఆత్మరక్షణ హక్కుని కావాలనే కాస్త ఉదారంగా రాసింది. ఇక్కడి జనం దోపిడీలని, దౌర్జన్యాలని మరీ ఓర్చుకుంటున్నారు, ఎదిరించే ధైర్యాన్ని చట్టం పెంచాలి అని వాళ్ళ నోట్స్‌లో రాసుకున్నారు. వలస పాలకుల చూపు ఎలా ఉండేదో అందులోనే కనబడుతుంది. సరే, దాని సంగతి ఇంకో ఎపిసోడ్‌లో. అంత ఉదారంగా రాయాలనుకున్నవాళ్ళు కూడా ఆస్తి విషయంలో గీత ఎక్కడ గీశారన్నదే ఇక్కడ మనకి కావాల్సింది.

ఆ ముసాయిదా 1860లో ఇండియన్ పీనల్ కోడ్ అయింది. 1862 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికి విజయవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట కట్టి ఏడేళ్ళే. కాలువలు వచ్చి, డెల్టాలో భూమికి విలువ పెరుగుతున్న రోజులు. విలువ పెరిగితే కాపలా పెరుగుతుంది. కాపలాతోపాటు గొడవలూ పెరుగుతాయి.

ఆ కోడ్‌లో 96 నుంచి 106 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ గురించి. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఇందులో అవే విషయాలు 34 నుంచి 44 దాకా ఉన్నాయి. నంబర్లు మారాయి, సారం దాదాపు అదే. రీల్‌లో వేసేది పాత 103, అంటే ఇప్పటి 41. అది చదువుదాం.

ఆ నాలుగు సందర్భాలు

ముందు ఒక మాట క్లియర్ చేసుకుందాం. ఆస్తిని కాపాడుకునే హక్కు మనకి ఉంది. దొంగ వస్తే చేతులు కట్టుకుని చూస్తూ కూర్చోమని ఏ చట్టమూ అనలేదు. అరవొచ్చు, అడ్డుకోవచ్చు, తోసేయొచ్చు, వల లాక్కోవచ్చు, అవసరమైనంత బలం వాడొచ్చు. ఆ బలం ప్రాణం తీసేదాకా వెళ్ళాలంటే మాత్రం చట్టం నాలుగే సందర్భాలు చెప్పింది.

ఒకటి, దోపిడీ. దొంగతనం వేరు, దోపిడీ వేరు. కత్తి చూపించి, కొట్టి, చంపుతానని బెదిరించి లాక్కుంటే అది దోపిడీ.

రెండు, సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయం లోపు ఇల్లు పగలగొట్టి చొరబడటం.

మూడు, మనుషులు ఉండే చోటికో, సరుకు దాచుకునే చోటికో నిప్పు పెట్టడం, పేలుడు పదార్థం పెట్టడం. భవనం, డేరాతో పాటు నావ కూడా ఈ లిస్టులో ఉంది. మన మత్స్యకార కుటుంబాలు ఇది గమనించాలి.

నాలుగు, దొంగతనం, ఆస్తి ధ్వంసం, ఇంట్లోకి అక్రమంగా రావడం. ఈ మూడింటిలో ఏదైనా, మనం ఎదుర్కోకపోతే చావో తీవ్ర గాయమో తప్పదని సహేతుకంగా భయపడేలాంటి పరిస్థితిలో జరిగితేనే.

ఇప్పుడు ఈ నాలుగూ మళ్ళీ ఒకసారి మనసులో తిప్పి చూడండి. ఎక్కడైనా "లక్ష రూపాయలు దాటితే" అని ఉందా? "పది టన్నుల రొయ్య పోతే" అని ఉందా? లేదు. చట్టం సరుకు విలువని లెక్కే వేయలేదు. నాలుగింటిలోనూ అది చూసింది ఒకటే: అక్కడ మనుషుల ప్రాణానికి ముప్పు ఉందా? దోపిడీలో కత్తి ఉంది. నిప్పులో లోపలున్నవాళ్ళు ఉన్నారు. రాత్రి ఇల్లు పగిలితే లోపల పిల్లలు నిద్రపోతుంటారు, వచ్చినవాడి చేతిలో ఏముందో చీకట్లో కనపడదు. అందుకే ఇల్లు, రాత్రి. పేరుకి ఇది ఆస్తి రక్షణ సెక్షన్. లోపల మాత్రం కొలబద్ద ప్రాణమే.

ఈ నాలుగు సందర్భాల్లో కూడా ఇంకో సెక్షన్ బిగించి ఉంటుంది. పాత 99, ఇప్పటి 37. అవసరానికి మించి హాని చేయకూడదు. అధికారుల సాయం తీసుకునేంత టైం ఉంటే ఈ హక్కే రాదు. రీల్స్‌లో ఈ సెక్షన్ ఎప్పుడూ కనపడదు.

మరి చెరువు సంగతేంటి? పొలం సంగతేంటి? 2002లో సుప్రీంకోర్టు జస్సా సింగ్ వర్సెస్ హర్యానా కేసులో ఇది తేల్చింది. లిస్టులో ఉన్నది ఇంట్లోకి చొరబడటం, బయలు భూమిలోకి రావడం కాదు. బయలు భూమిలోకి అక్రమంగా వచ్చాడన్న కారణంతో ప్రాణం తీసే హక్కు లేదు అంది. మన చెరువు గట్టు బయలు భూమే.

మూడు చోట్ల గీత దాటిపోతుంది

ఇప్పుడు మూడు కేసులు చెప్తాను. ముగ్గురూ తమదే న్యాయం అనుకున్నవాళ్ళే.

మొదటిది తీగ కేసు. బీహార్‌లో 1959. చెరుబిన్ గ్రెగరీ అనే ఆయన ఇంటి పక్కన ఒక కుటుంబం ఉంది. వాళ్ళ మరుగుదొడ్డి గోడ కూలిపోయింది. దాంతో ఆ ఇంటివాళ్ళు ఈయన మరుగుదొడ్డికి రావడం మొదలుపెట్టారు. ఈయన వద్దన్నాడు, వాళ్ళు వినలేదు. ఈయన దారిలో బోడి రాగితీగ కట్టి కరెంటు పెట్టాడు. హెచ్చరిక లేదు. ఒక పొద్దున పక్కింటి ఆవిడ వచ్చింది, తీగకి తగిలింది, చనిపోయింది.

కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. నా ఆస్తిలోకి అక్రమంగా వచ్చింది, నాకు రక్షణ హక్కు ఉంది అన్నాడు. 1963లో కోర్టు ఒప్పుకోలేదు. అనుమతి లేకుండా అడుగుపెట్టినంత మాత్రాన మనిషి చట్టం నీడలోంచి బయటికి పోడు, ఎవరైనా చంపుకోవచ్చనేంత అనాథ అయిపోడు అన్నది ఆ తీర్పు సారం. నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన నేరానికి, అంటే పాత 304-ఎ కింద, పడిన శిక్ష ఖాయమైంది.

అప్పట్లో దానికి గరిష్ఠంగా రెండేళ్ళు. ఇప్పుడు న్యాయ సంహిత 106 కింద ఐదేళ్ళ దాకా ఉంది. మనిషి చస్తాడని తెలిసే పెట్టాడని తేలితే ఇంకా పెద్ద సెక్షన్లు పడతాయి. చెరువుకని తీసుకున్న సర్వీసు కరెంటుని అలా తీగకి కలపడం విద్యుత్ చట్టం కింద మళ్ళీ వేరే నేరం.

రెండోది పారిపోతున్నవాడి కేసు. జైదేవ్ వర్సెస్ పంజాబ్, 1962. పొలం దగ్గర గొడవ. అవతలివాళ్ళు గుంపుగా వచ్చారు. పొలంలో ఉన్నవాళ్ళకి ఎదుర్కొనే హక్కు ఉందని కోర్టు ఒప్పుకుంది. తర్వాత వచ్చినవాళ్ళు వెనక్కి తిరిగి పరిగెత్తారు. పరిగెత్తుతున్నవాళ్ళ మీద దూరం నుంచి తుపాకీ పేల్చారు. అక్కడ హక్కు అయిపోయింది, నేరం మొదలైంది అంది కోర్టు. ఒకే గొడవ, అవే మనుషులు, అదే పొలం. మారింది ఎదుటివాడి వీపు మనకి కనపడటం. ముప్పు ఉన్నంతసేపే హక్కు.

మూడోది మీకు, అంటే చేతిలో ఫోన్ ఉన్న మనందరికీ, బాగా తగిలే కేసు. 2018 ఫిబ్రవరి, కేరళలోని అట్టప్పాడి. తిండి సామాను దొంగిలించాడని ఒక ఆదివాసీ యువకుడిని గుంపు పట్టుకుంది. చేతులు కట్టేశారు. కొట్టారు. ఒకతను అతనితో సెల్ఫీ దిగాడు. ఆ యువకుడు అదే రోజు చనిపోయాడు. 2023 ఏప్రిల్‌లో కోర్టు 14 మందిని దోషులన్నది, 13 మందికి ఏడేళ్ళు వేసింది. వాళ్ళు గర్వంగా తీసుకున్న ఫోటోలే వాళ్ళకి ఎదురు తిరిగాయి.

దొంగ దొరికాక, చేతులు కట్టేశాక, ఇక కాపాడుకోడానికి ఏం మిగిలింది? మన కళ్ళముందు నాన్-బెయిలబుల్ నేరం చేసినవాడిని మామూలు పౌరులు కూడా పట్టుకోవచ్చు. అది చట్టం ఇచ్చిన హక్కే. పట్టుకున్నాక ఆలస్యం చేయకుండా, ఆరు గంటల లోపు పోలీసులకి అప్పగించాలి. స్తంభానికి కట్టి కొట్టే హక్కు మాత్రం ఎక్కడా లేదు.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి మా బాబాయ్ తీగని చూడండి. ముప్పు ఉందో లేదో తీగ చూడలేదు. ఎంత బలం చాలో తీగ కొలవలేదు. వచ్చినవాడు వెనక్కి తిరిగితే తీగ ఆగలేదు. వచ్చింది దొంగో, పీతలు పట్టుకునేవాడో, మన మేత కుర్రాడో దానికి తెలియదు. ఆత్మరక్షణ అంటే ఆ క్షణంలో అక్కడున్న మనిషి తీసుకునే నిర్ణయం. తీగకి కళ్ళుండవు, నిర్ణయమూ ఉండదు. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా అడవిలో వేటగాళ్ళు జంతువుల కోసం పెట్టిన కరెంటు తీగకి తగిలి డ్యూటీలో ఉన్న గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ చనిపోయాడు. యూనిఫాం కూడా తీగకి కనపడదు.

ప్రభుత్వం ఆస్తి అయితే?

ఇక్కడ ఒక డౌట్ రావాలి. మనకి సరే, మరి ప్రభుత్వానికి?

2015 ఏప్రిల్ 7. శేషాచలం అడవులు. ఎర్రచందనం స్మగ్లింగ్ నిరోధక టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది కూలీలు చనిపోయారు. అందరూ తమిళనాడు నుంచి వచ్చినవాళ్ళు. ఎర్రచందనం అంటే కోట్ల విలువ. ప్రపంచంలో సహజంగా పెరిగేది ప్రధానంగా మన రాయలసీమ కొండల్లోనే. అంతటి సంపద.

అప్పుడు పోలీసులు ఏం చెప్పారు? విలువైన చెట్లు నరుకుతున్నారు కాబట్టి కాల్చాం అనలేదు. రాళ్ళతో, గొడ్డళ్ళతో మా మీదికి వచ్చారు, మా ప్రాణం కోసం కాల్చాం అన్నారు. హక్కుల సంఘాలు దాన్ని నమ్మలేదు, పట్టుకుని కాల్చారని ఆరోపించాయి, జాతీయ మానవ హక్కుల కమిషన్ జోక్యం చేసుకుంది. ఎవరిది నిజం అన్న వివాదంలోకి నేనిప్పుడు వెళ్ళను. నేను చూపించాలనుకున్నది ఒక్కటే. చేతిలో తుపాకీ, వెనక ప్రభుత్వం ఉన్నవాళ్ళు కూడా "చెట్టు కోసం చంపాం" అని చెప్పలేరు. ఎందుకంటే అది చట్టం ముందు నిలబడే జవాబు కాదు. ఎవరైనా సరే చివరికి ప్రాణభయం ఉందని చూపించాల్సిందే.

అమెరికాలో అయితేనో?

మన ఊళ్ళ నుంచి చాలామంది టెక్సాస్‌లో ఉన్నారు. అక్కడ రూలు వేరు అని మీరు విన్నది నిజమే. టెక్సాస్ చట్టం, కొన్ని షరతులతో, రాత్రిపూట దొంగతనాన్ని ఆపడానికి కూడా ప్రాణాంతక బలానికి చోటిస్తుంది. 2007లో పాసడీనా అనే ఊళ్ళో ఒక పెద్దాయన, పక్కింట్లో దొంగలు పడ్డారని 911కి ఫోన్ చేశాడు. బయటికి వెళ్ళొద్దని ఆపరేటర్ పదేపదే చెప్పినా వినకుండా వెళ్ళి ఇద్దరిని కాల్చి చంపాడు. పట్టపగలు, పక్కింటి సొత్తు కోసం. గ్రాండ్ జ్యూరీ ఆయన మీద కేసే పెట్టలేదు. అప్పుడు అమెరికాలోనే పెద్ద చర్చ జరిగింది.

అదే అమెరికాలో అయోవా రాష్ట్రం చూడండి. ఒక భార్యాభర్తలకి పాడుబడ్డ ఇల్లు ఉంది. పదేపదే దొంగలు పడుతున్నారని 1967లో పడకగది తలుపుకి తుపాకీ కట్టారు. పాత సీసాలు ఏరుకోడానికి వచ్చినతని కాలు పోయేంత గాయమైంది. 1971లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 30,000 డాలర్ల పరిహారం ఖాయం చేసింది. వాళ్ళు 80 ఎకరాలు అమ్ముకోవాల్సొచ్చింది. ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడం అంటే ఇదే. పాడుబడ్డ ఇల్లు కాపాడుకోబోయి ఉన్న పొలం పోయింది.

కాబట్టి అక్కడి వీడియో చూసి ఇక్కడ పాటించకండి. రీల్‌కి వీసా అక్కర్లేదు, చట్టానికి సరిహద్దు ఉంటుంది.

మరి రైతు ఏం చేయాలి?

ఇంతా విని మీరు అడగొచ్చు: అప్పు చేసి పెంచిన రొయ్య రాత్రికి రాత్రి పోతే, చట్టం గురించి ఇంత చెప్పావు, మా కష్టం గురించి ఏం చెప్పావు అని. న్యాయమైన ప్రశ్న. నేను ఆ ఇంట్లోనే పెరిగాను.

గట్టు మీద లైట్లు, కాపలా గుడిసెలో ఒకరికి బదులు ఇద్దరు, పక్క చెరువులవాళ్ళతో కలిసి రాత్రి గస్తీ, ఫోన్‌కి అలర్ట్ వచ్చే సోలార్ కెమెరా. వీటికి డబ్బవుతుంది, నిజమే. కలిసి పెట్టుకుంటే తగ్గుతుంది. ఫెన్సింగే కావాలంటే సరైన ఎనర్జైజర్‌తో వచ్చే సోలార్ ఫెన్సింగ్ ఉంది. అది క్షణంలో వందో వంతు కన్నా తక్కువసేపు దెబ్బ కొట్టి వదిలేస్తుంది. ఉలిక్కిపడతారు, అతుక్కుపోరు. దానికీ బోర్డు పెట్టాలి. నేరుగా స్టార్టర్ నుంచి లాగిన తీగ వదిలిపెట్టదు. తేడా అక్కడే ఉంది.

దొంగతనం జరిగితే ఫిర్యాదు ఇవ్వండి. "ఇచ్చి ఏం లాభం" అని చాలామంది ఇవ్వరు. ఇవ్వకపోతే రికార్డే ఉండదు, గస్తీ అడగడానికి ఆధారమూ ఉండదు. చీకట్లో ఎవరైనా కనపడితే 112కి ఫోన్ చేయండి, గట్టిగా అరవండి, లైటు వేయండి. మీదికి ఆయుధంతో వస్తే అప్పుడు మీ ప్రాణం కాపాడుకునే హక్కు మీకు పూర్తిగా ఉంది. ఆ హక్కుని నేను ఒక్క అంగుళం కూడా తగ్గించి చెప్పడం లేదు.

చివరగా ఒక మాట. ఈ పాలకాయతిప్ప 1977 నవంబర్ 19 రాత్రిని చూసిన ఊరు. ఆ ఉప్పెనలో దివిసీమలో వేలమంది పోయారు. ఇళ్ళు, పడవలు, గొడ్లు, గాదెలు, అన్నీ ఒక్క రాత్రిలో నీళ్ళలో కలిసిపోయాయి. బతికిన పెద్దవాళ్ళని ఆ రాత్రి గురించి అడగండి. ఎన్ని బస్తాల ధాన్యం పోయిందో ఎవరూ ముందు చెప్పరు. ఎవరు పోయారో చెప్తారు. గాదె మళ్ళీ నిండింది, పడవ మళ్ళీ కట్టారు. మనుషుల పేర్లు మాత్రం ఇప్పటికీ తలుచుకుంటూనే ఉన్నారు. సెక్షన్ 41లో రూపాయి లెక్క ఎందుకు లేదో ఈ ఊరికి ఎవరూ నేర్పక్కర్లేదు.

మొన్న ఈ ఎపిసోడ్ గురించి బాబాయ్‌కి చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆ మేత కుర్రాడికి ఇప్పుడు ఇద్దరు పిల్లలురా" అన్నాడు. అంతే అన్నాడు.

మీ ఊళ్ళో ఏ గట్టు మీదైనా అలాంటి తీగ ఉంటే, ఇవాళ సాయంత్రమే ఆ ఇంటికెళ్ళి మాట్లాడండి. ఆ రీల్ ఫార్వర్డ్ చేసినవాళ్ళకి ఇది పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.